జీఎస్టీ పుల్‌డౌన్ ఎలా చేయాలి: అనంతపురం ఎండలో నాలుగు డిగ్రీల పని

“అన్నా, బ్యాండ్ వచ్చింది. కానీ అన్ని లేన్లలోనూ వచ్చింది.”

లేన్ అంటే జెల్ మీద ఒక్కో ట్యూబుకు ఒక వరుస, బ్యాండ్ అంటే అందులో ప్రోటీన్ ఉన్నచోట కనిపించే గీత. డిసర్టేషన్ల కాలం మొదలైందంటే ఈ మాట నాకు ఫోన్లో వినిపిస్తూనే ఉంటుంది. ఒకసారి కడప నుంచి, ఒకసారి కర్నూలు నుంచి, ఎక్కువసార్లు ఇక్కడే అనంతపురంలో పక్క ల్యాబ్ నుంచి. రెండో రకం ఫోన్ కూడా ఉంది: “ఏ లేన్లోనూ ఏమీ రాలేదన్నా.” ఇద్దరికీ చెప్పాల్సింది దాదాపు ఒకటే కాబట్టి ఈసారి కూర్చుని రాసేస్తున్నాను.

రెండు ప్రోటీన్లు ఒకదాన్నొకటి పట్టుకుంటాయా లేదా అని తేల్చుకోవడానికి చాలా దారులున్నాయి. ఈస్ట్ కణాల్లో పరీక్షించే ఈస్ట్ టూ-హైబ్రిడ్ 1989 నుంచి వాడుకలో ఉంది. కో-ఐపీ, అంటే యాంటీబాడీతో లాగడం, ఉంది. డబ్బున్న చోట పట్టు ఎంత బలంగా ఉందో కొలిచే ఎస్‌పీఆర్, ఐటీసీ మెషీన్లు ఉంటాయి. ఒక షేకర్, సోనికేటర్ (ధ్వని తరంగాలతో కణాలను పగలగొట్టేది), కూలింగ్ సెంట్రిఫ్యూజ్, వెస్టర్న్ బ్లాట్ (జెల్లోని ప్రోటీన్లను పొర మీదికి ఎక్కించి యాంటీబాడీతో గుర్తుపట్టడం) సెట్టు మాత్రమే ఉన్న ల్యాబ్‌లో అయ్యే పని పుల్‌డౌన్. అందుకే దాని గురించే చెబుతాను.

ఈ జీఎస్టీ మనం కట్టే పన్ను కాదు. గ్లూటాథయోన్ ఎస్-ట్రాన్స్‌ఫరేజ్ అనే 26 కిలోడాల్టన్ల ప్రోటీన్. షిస్టోసోమా జపానికం అనే పరాన్నజీవి పురుగుది. గ్లూటాథయోన్ అతికించిన బీడ్స్ దొరికితే వాటిని గట్టిగా పట్టుకుంటుంది. దాని వెనక మీ ప్రోటీన్‌ను కలిపితే అది ఎర. లైసేట్‌లో, అంటే కణాలను పగలగొట్టగా వచ్చిన రసంలో, ఉన్న రెండో ప్రోటీన్ ఆ ఎరకు తగులుకుంటే బీడ్స్‌తో పాటు ట్యూబు అడుగుకు వస్తుంది. థియరీ ఇంతే.

మొదలుపెట్టే ముందు ఒక మాట. ఈ ప్రయోగంలో బ్యాండ్ రప్పించడం కష్టం కాదు. ఎర లేని లేన్ ఖాళీగా ఉండేలా చేయడమే కష్టం. నేను మొదటిసారి బ్లాట్ పట్టుకుని పరిగెత్తుకుంటూ వెళ్తే మా గైడ్ సార్ దాన్ని వెలుతురుకు పెట్టి చూసి, “బాగుందప్పా. ఒట్టి జీఎస్టీ లేన్ యాడుంది?” అన్నారు. బీడ్స్ మిగల్చాలని ఆ ట్యూబు పెట్టలేదు. మరుసటి వారం పెట్టాను. అందులోనూ అదే బ్యాండ్, అంతే లావుగా. అప్పటికే స్నేహితులకు స్వీట్లు పంచేశాను.

సిద్ధం చేసుకోవాల్సినవి

- పీజెక్స్ వెక్టర్లో (జీఎస్టీ జీన్ ఉన్న ప్లాస్మిడ్) మీ ఎర ప్రోటీన్. దాంతోపాటు ఏమీ చేర్చని ఖాళీ పీజెక్స్. ఖాళీది ఉంది కదా అని ఊరుకోవద్దు, మీ చేతిలో ఉందో లేదో ఇవాళే ఫ్రీజర్ తీసి చూడండి.
- బీఎల్21 రకం ఈ.కోలై. దీనిలో లాన్, ఓంప్-టీ అనే ప్రోటియేజులు (ప్రోటీన్లను కోసే ఎంజైములు) ఉండవు కాబట్టి మీ ప్రోటీన్ కాస్త బతుకుతుంది.
- రెండో ప్రోటీన్. హిస్ ట్యాగ్‌తో (హిస్టిడీన్ల చిన్న తోక) ఈ.కోలైలో చేసుకున్నదైనా సరే, కణాల లైసేట్ అయినా సరే. దాన్ని గుర్తుపట్టే యాంటీబాడీ తప్పనిసరి.
- గ్లూటాథయోన్ అగరోజ్ బీడ్స్.
- లైసిస్ బఫర్: 50 మిల్లీమోలార్ ట్రిస్ పీహెచ్ 7.5, 150 మిల్లీమోలార్ ఉప్పు, 1 మిల్లీమోలార్ ఈడీటీఏ, 1 మిల్లీమోలార్ డీటీటీ. ట్రిటాన్ ఎక్స్-100 అనే డిటర్జెంట్ తర్వాత కలుపుతాం.
- వాష్ బఫర్: అదే బఫర్, 0.1 శాతం ట్రిటాన్‌తో.
- పీఎంఎస్‌ఎఫ్, 100 మిల్లీమోలార్, ఐసోప్రొపనాల్‌లో కరిగించినది. ప్రోటియేజులను ఆపేది ఇదే. విషపదార్థం, గ్లవ్స్ వేసుకోండి. నీళ్లు తగిలాక ఎక్కువసేపు పనిచేయదు కాబట్టి బఫర్లో రాత్రే కలిపి పెట్టుకోవడం వృథా. సోనికేషన్‌కు వెళ్లే నిమిషంలో కలపండి.
- ఇన్సులిన్ సిరంజిలు నాలుగైదు. దేనికో తర్వాత చెబుతాను.
- ఐస్. చాలా.

ఐస్ గురించి రెండు మాటలు. ల్యాబ్ మెషీన్ పాడైతే జ్యూస్ బండ్లకు వేసే ఐస్ గడ్డ తెచ్చుకుని గోనెసంచిలో వేసి పగలగొట్టుకోవచ్చు, తప్పేం లేదు, అది ట్యూబుకు బయటే కదా ఉండేది. అయితే పొడి ముక్కల మధ్య ట్యూబులు గుచ్చితే చుట్టూ గాలి ఉంటుంది, చల్లదనం అంటదు. ముక్కలు మునిగేంత నీళ్లు పోయండి. ఇంకా చల్లగా ఉంటుందని అందులో ఉప్పు మాత్రం వేయకండి. సున్నా కిందికి పోయి ట్యూబులో ఉన్నది గడ్డకడుతుంది.

యాంటీబాడీ బెంగళూరు నుంచో హైదరాబాద్ నుంచో థర్మాకోల్ డబ్బాలో వస్తుంది. ఎండాకాలంలో సోమ, మంగళవారాల్లో పంపమని ఆర్డర్లోనే రాయించండి. శుక్రవారం బయలుదేరిన డబ్బా ఆదివారమంతా ఏ గోడౌన్లోనో కూర్చుంటుంది. రాగానే చిన్న చిన్న ట్యూబుల్లో పంచి దాచుకోండి, మాటిమాటికీ గడ్డకట్టించి కరిగించవద్దు.

ముందు బఫర్ సంగతి తేల్చుకోండి

మా ల్యాబ్‌లో నాకు జనవరిలో చక్కగా వచ్చిన బ్యాండ్ మే నెలలో రాకుండా పోయింది. అదే ప్లాస్మిడ్, అదే బీడ్స్, అదే చెయ్యి. నెలరోజులు ప్లాస్మిడ్‌ను, యాంటీబాడీని, చివరికి నన్ను నేను కూడా అనుమానించుకున్నాను. తప్పు ట్రిస్‌లో ఉంది.

ట్రిస్ పీహెచ్ వేడిని బట్టి మారుతుంది. ఒక్కో డిగ్రీ చల్లబడితే దాదాపు 0.028 పెరుగుతుంది. జనవరి పొద్దున గదిలో 24 డిగ్రీలు ఉన్నప్పుడు 7.5కి సరిచేసిన బఫర్, 4 డిగ్రీలకు వచ్చేసరికి 8.0 దాటుతుంది. మే నెల మధ్యాహ్నం ఏసీ లేని గదిలో 38 డిగ్రీల దగ్గర అదే 7.5 పెట్టారనుకోండి, కోల్డ్ రూములో అది 8.4 పైనే ఉంటుంది. నా రెండు ప్రోటీన్లు 8.0 దగ్గర ఎలాగో కలిసి ఉన్నాయి, 8.4 దగ్గర విడిపోయాయి.

“మా మీటర్లో టెంపరేచర్ కాంపెన్సేషన్ ఉంది కదా” అంటారు. అది ఎలక్ట్రోడ్ లెక్కను సరిచేస్తుంది, ట్రిస్‌ను సరిచేయదు. మందు సులువే: బఫర్‌ను ఐస్ నీళ్లలో పెట్టి, వాడబోయే చల్లదనానికి వచ్చాక పీహెచ్ సరిచేయండి. ఆ ఓపిక లేకపోతే ట్రిస్ బదులు హెపీస్ వాడండి, అది మారేది ఇందులో సగమే. ఫాస్ఫేట్ బఫర్ అయితే ఇంకా తక్కువ.

నీళ్లు డబుల్ డిస్టిల్డ్ లేదా మిల్లీ-క్యూ మాత్రమే. మన బోరు నీళ్లలో ఉప్పులు ఎంతుంటాయో కెటిల్ అడుగు చూస్తే తెలుస్తుంది. గ్లాస్‌వేర్ చివరిసారి కడగడానికి కూడా మంచి నీళ్లే వాడండి.

పని మొదలు

1. రెండు కల్చర్లు పెట్టండి. ఒకటి ఒట్టి జీఎస్టీ, ఒకటి జీఎస్టీ-ఎర. ఒక్కోటి 200 మి.లీ. చాలు. ఎప్పుడూ ఒకే రోజు, ఒకే బఫర్‌తో, పక్కపక్కన చేయండి. పాత జీఎస్టీ బీడ్స్ ఫ్రిజ్‌లో ఉన్నాయి కదా అని వాటితో పోల్చకండి. రాత్రి పెట్టిన స్టార్టర్ కల్చర్ తిన్నగా పోయకుండా, ఒకసారి స్పిన్ చేసి పాత మీడియం పారబోసి కొత్త దాంట్లో కలిపి వేయండి. పాత మీడియంలో యాంపిసిలిన్‌ను తినేసే ఎంజైమ్ పేరుకుని ఉంటుంది.

2. ఓడీ (కల్చర్ ఎంత మసకబారిందో చెప్పే కొలత) 0.6 రాగానే ఫ్లాస్కును పది నిమిషాలు ఐస్ నీళ్లలో పెట్టి, ప్రోటీన్ తయారీని మొదలుపెట్టించే ఐపీటీజీ 0.2 మిల్లీమోలార్ వేసి, 18 డిగ్రీల దగ్గర రాత్రంతా తిప్పండి. 37 దగ్గర మూడు గంటల్లో ఎక్కువ ప్రోటీన్ వస్తుంది, కానీ తరచూ అది కరగని ముద్దగా వస్తుంది. షేకర్‌కు కూలింగ్ లేకపోతే ఏసీ గదిలో పెట్టి ఐపీటీజీని 0.1కి తగ్గించి నాలుగు గంటలు చూడండి. ముందు 10 మి.లీ.లో ప్రయత్నించి, కరిగిన భాగంలో వస్తోందని తేలాకే 200కి వెళ్లండి.

3. కల్చర్‌ను స్పిన్ చేసి పెల్లెట్ (అడుగున చేరే కణాల ముద్ద) తీసుకోండి. కావాలంటే ఇక్కడ ఆగవచ్చు. పెల్లెట్ మైనస్ 80లో వారాల తరబడి ఉంటుంది, మైనస్ 20లో కొన్ని రోజులు. కరెంటు పోతుందన్న అనుమానం ఉంటే ఇక్కడే ఆగండి. లైసిస్ మొదలయ్యాక మళ్లీ ఆగే చోటు శాంపిల్ బఫర్‌లో మరిగించిన తర్వాతే. మధ్యలో ఎక్కడ ఆగినా ప్రోటీన్ ముక్కలవుతూ ఉంటుంది.

4. పెల్లెట్‌ను 10 మి.లీ. చల్లటి లైసిస్ బఫర్‌లో కలపండి. మి.లీ.కు 1 మి.గ్రా. చొప్పున లైసోజైమ్ వేసి ఐస్ మీద అరగంట ఉంచండి. పీఎంఎస్‌ఎఫ్ 1 మిల్లీమోలార్ అయ్యేలా కలిపి వెంటనే సోనికేట్ చేయండి: 10 సెకన్లు ఆన్, 30 సెకన్లు ఆఫ్, ఆరేడు సార్లు. నురుగు వస్తే ప్రోబ్ పైకి వచ్చిందని అర్థం, ఆపి కిందికి దించండి. ట్యూబు చేత్తో పట్టుకుంటే వెచ్చగా తగలకూడదు.

   అయిందో లేదో చూడడానికి పిపెట్‌తో ఒక చుక్క పైకి లాగి వదలండి. బెండకాయ జిగురులా తీగ సాగుతుంటే డీఎన్‌ఏ ఇంకా తెగలేదు. నీటిచుక్కలా టపటపా రాలాలి.

5. ఇప్పుడు ట్రిటాన్ 1 శాతం అయ్యేలా వేసి, 20 నిమిషాలు కోల్డ్ రూములో మెల్లగా తిప్పండి. 12,000 జీ దగ్గర 20 నిమిషాలు స్పిన్. పైనున్న తేట తీసుకోండి. అడుగున ఉన్నదాంట్లోంచి కూడా చిటికెడు దాచండి. ఎర మొత్తం అందులోకే పోయిందేమో జెల్ చెబుతుంది.

   ఇక్కడొక తప్పు దాదాపు అందరూ చేస్తారు. జీ వేరు, ఆర్‌పీఎం వేరు. జీ అంటే గురుత్వాకర్షణకు ఎన్ని రెట్ల బలమో, ఆర్‌పీఎం అంటే నిమిషానికి ఎన్ని చుట్లో. రోటర్ వ్యాసార్థాన్ని సెంటీమీటర్లలో తీసుకుని, ఆర్‌పీఎంను ఆర్‌పీఎంతోనే హెచ్చవేసి, రెండింటినీ గుణించి 0.00001118తో మళ్లీ గుణిస్తే జీ వస్తుంది. 8 సెం.మీ. రోటర్లో 10,000 ఆర్‌పీఎం అంటే దాదాపు 8,900 జీ మాత్రమే. అదే రోటర్లో బీడ్స్‌కు కావాల్సిన 500 జీ రావాలంటే 2,400 ఆర్‌పీఎం చాలు. బీడ్స్‌ను 10,000లో తిప్పితే నలిగిపోతాయి.

6. బీడ్స్ సీసాను మెల్లగా తలకిందులు చేసి కలపండి, వోర్టెక్స్ వద్దు. పిపెట్ టిప్ కొసను బ్లేడుతో కోసి వెడల్పు చేసుకోండి. లేకపోతే బీడ్స్ బదులు నీళ్లే వస్తాయి, ఒక్కో ట్యూబులో ఒక్కో లెక్క పడుతుంది. ఒక్కో లైసేట్‌కు 50 శాతం స్లర్రీ (సగం బీడ్స్, సగం ద్రవం) 200 మైక్రోలీటర్లు తీసుకుని మూడుసార్లు బఫర్‌తో కడిగి, బీడ్స్ నిల్వ ఉన్న ఆల్కహాల్ పోగొట్టండి. లైసేట్ పోసి 4 డిగ్రీల దగ్గర గంటసేపు తిప్పండి. జీఎస్టీ పట్టుకోవడం నిదానంగా జరుగుతుంది, పది నిమిషాలకే తీసేయవద్దు. తర్వాత నాలుగుసార్లు కడగండి.

7. ట్యూబులు పెట్టే ముందు ఒక జెల్ వేయండి. చాలామంది దాటేసేది ఇదే మెట్టు. రెండు రకాల బీడ్స్ నుంచి 5 మైక్రోలీటర్ల చొప్పున మరిగించి, పక్కన కొలత తెలిసిన బీఎస్‌ఏ ప్రోటీన్ 1, 2, 5 మైక్రోగ్రాముల లేన్లు పెట్టి, ప్రోటీన్లకు నీలిరంగు ఎక్కించే కూమాసీ వేయండి. కంటితో పోల్చి ఏ బీడ్స్ మీద ఎంత ప్రోటీన్ ఉందో రాసుకోండి. బ్రాడ్‌ఫోర్డ్‌తో కొలుద్దామనుకుంటే ట్రిటాన్ దాన్ని పాడుచేస్తుంది, బీసీఏతో అయితే డీటీటీ పాడుచేస్తుంది. కన్నే నయం.

   మీ ఎర 30 కిలోడాల్టన్లు అయితే జీఎస్టీతో కలిపి 56 దగ్గర ఒక లావు బ్యాండ్ ఉండాలి. 26 దగ్గర ఇంకోటి కనిపిస్తే ఎర తెగిపోయి జీఎస్టీ మాత్రమే మిగిలిందని. కొద్దిగా ఉంటే పర్వాలేదు. 26 దగ్గరే ఎక్కువుంటే ఆ బీడ్స్‌తో ముందుకు పోకండి. 70 దగ్గర ఒక బ్యాండ్ వదలకుండా వస్తుంటే అది బహుశా ఈ.కోలై వాళ్ల డీఎన్‌ఏ-కే అనే షాపరోన్, అంటే వేరే ప్రోటీన్లు సరిగ్గా మడతపడేలా చూసే ప్రోటీన్. 5 మిల్లీమోలార్ ఏటీపీ, 10 మిల్లీమోలార్ మెగ్నీషియం క్లోరైడ్ కలిపిన, ఈడీటీఏ లేని బఫర్‌లో పది నిమిషాలు తిప్పి కడిగితే చాలావరకు పోతుంది.

8. ట్యూబులు పెట్టండి. నాలుగుకు తగ్గకూడదు:
   - ఒట్టి బీడ్స్ + రెండో ప్రోటీన్
   - జీఎస్టీ బీడ్స్ + రెండో ప్రోటీన్
   - జీఎస్టీ-ఎర బీడ్స్ + రెండో ప్రోటీన్
   - జీఎస్టీ-ఎర బీడ్స్, రెండో ప్రోటీన్ లేకుండా

   నాలుగోది ఎందుకంటే, మీ యాంటీబాడీ ఎరనే గుర్తుపడుతోందేమో చూడడానికి. జీఎస్టీ, జీఎస్టీ-ఎర ట్యూబుల్లో మోల్స్ సమానంగా ఉండాలి, మైక్రోగ్రాములు కాదు. 56 కిలోడాల్టన్ల ఎర 10 మైక్రోగ్రాములకు 26 కిలోడాల్టన్ల జీఎస్టీ 4.6 మైక్రోగ్రాములు సమానం. జీఎస్టీ కాస్త ఎక్కువైనా నష్టం లేదు, తక్కువైతే మాత్రం ఎవరూ నమ్మరు. ప్రోటీన్ తక్కువున్న ట్యూబుల్లో ఒట్టి బీడ్స్ చేర్చి, అన్నింటిలోనూ బీడ్స్ పరిమాణం ఒకేలా ఉంచండి.

   వీలైతే కలుస్తాయని ముందే తెలిసిన జంట ఒకటి పక్కన పెట్టుకోండి. ర్యాఫ్ ప్రోటీన్లోని రాస్‌ను పట్టే ముక్క జీఎస్టీతో ఉంటే, జీటీపీ ఎక్కించిన రాస్‌ను అది లాగుతుంది. ఎన్నో ల్యాబులు దీన్ని రోజూ వాడతాయి. మీ ప్రయోగం రాక ఇది వస్తే మీ చెయ్యి మంచిదే, సంగతి మీ ప్రోటీన్ల దగ్గరో వాటి బఫర్ దగ్గరో ఉంది.

9. రెండో ప్రోటీన్ ఉన్న లైసేట్‌ను వాడేముందు మళ్లీ 12,000 జీ దగ్గర పది నిమిషాలు స్పిన్ చేయండి. తర్వాత అరగంట జీఎస్టీ బీడ్స్‌తో తిప్పి ఆ బీడ్స్ పారేయండి, జిడ్డుగా అంటుకునేవి ముందే పోతాయి. అందులోంచి 5 శాతం ఇన్‌పుట్‌గా, అంటే బీడ్స్‌తో కలపకముందు ఎంతుందో చూపే నమూనాగా, పక్కన పెట్టండి. ట్యూబుకు 500 మైక్రోలీటర్లు పోస్తుంటే 25 మైక్రోలీటర్లు. ఇది మరిచిపోతే తర్వాత ఏ లెక్కా తేలదు. మిగతాది ట్యూబుల్లో పంచి 4 డిగ్రీల దగ్గర రెండు గంటలు తిప్పండి. రాత్రంతా తిప్పితే బ్యాండుతో పాటు చెత్త కూడా పెరుగుతుంది.

10. కడగడం. పల్లెల్లో అమ్మమ్మలు బియ్యం గాలించడం చూసే ఉంటారు. తొందరపడితే బియ్యం పోతాయి, బద్ధకిస్తే రాళ్లు మిగులుతాయి. ఇదీ అంతే. 500 జీ, ఒక నిమిషం స్పిన్, పైనున్నది తీయడం, 1 మి.లీ. వాష్ బఫర్ పోయడం, నాలుగైదు సార్లు తలకిందులు చేయడం, మళ్లీ స్పిన్. ఐదుసార్లు. పిపెట్‌తో చివరి చుక్క దాకా తీయబోతే బీడ్స్ కూడా వచ్చేస్తాయి. ఇన్సులిన్ సిరంజి ఇక్కడ కావాలి. ఆ సన్న సూది బీడ్స్ మధ్యలోకి గుచ్చి లాగినా నీళ్లే వస్తాయి, బీడ్స్ రావు. పని అయ్యాక సూదులు వాటి డబ్బాలోనే వేయండి.

    నాలుగో వాష్‌కు బీడ్స్‌ను కొత్త ట్యూబులోకి మార్చండి. ప్రోటీన్లు ప్లాస్టిక్ గోడకు కూడా అతుక్కుంటాయి. పాత ట్యూబులోనే మరిగిస్తే అవన్నీ బ్యాండులో కలుస్తాయి. అన్ని లేన్లలో బ్యాండ్ వచ్చేవాళ్లలో కొందరి రోగం ఈ ఒక్క పనితో కుదురుతుంది.

11. చివరి వాష్ పూర్తిగా తీసేసి, 40 మైక్రోలీటర్ల 2ఎక్స్ శాంపిల్ బఫర్‌లో 95 డిగ్రీల దగ్గర ఐదు నిమిషాలు మరిగించండి. ఇక్కడ మళ్లీ ఆగవచ్చు, మైనస్ 20లో పెట్టి ఇంటికి పోయి అన్నం తినండి.

12. రెండు జెల్స్ వేయండి. ఒకటి కూమాసీకి, ఎరలు సమానంగా ఉన్నాయని చూపడానికి. ఒకటి బ్లాట్‌కు. జెల్ ఒక్కటే వేసే వీలుంటే మెంబ్రేన్‌ను పాన్‌సో రంగులో ముంచి ఫోటో తీసుకుని ఆ తర్వాత పాలపొడితో బ్లాక్ చేయండి. ఆ ఫోటో లేకుండా బ్లాక్ చేస్తే మళ్లీ తీయలేరు.

వచ్చింది సరైనదేనా?

ఇన్‌పుట్‌లో ఉంది, జీఎస్టీలో లేదు, జీఎస్టీ-ఎరలో ఉంది, నాలుగో ట్యూబులో లేదు. ఇలా వస్తేనే సంతోషించండి. అదీ కొత్త కల్చర్లతో ఇంకో రెండుసార్లు వచ్చాక. ఒకే లైసేట్‌ను మూడు ట్యూబుల్లో పోసి మూడుసార్లు చేశానంటే కుదరదు.

ఇన్‌పుట్‌లో కూడా లేకపోతే పుల్‌డౌన్‌ను తిట్టకండి. తప్పు బ్లాట్‌లోనో యాంటీబాడీలోనో ఉంది.

ఇన్‌పుట్‌లో మాత్రమే ఉంటే రెండు అవకాశాలు: అవి కలవవు, లేదా కడగడంలో విడిపోయాయి. మొదటి వాష్ నీళ్లు దాచి ఉంటే వాటినీ జెల్ మీద వేసి చూడండి. ఉప్పును 150 నుంచి 100కి దించి, వాష్‌లు మూడుకు తగ్గించి, త్వరగా కానివ్వండి. కాల్షియం ఉంటేనే కలిసే జంటలున్నాయి. కాల్‌మోడ్యులిన్ పట్టుకునేవాటిలో చాలామటుకు అలాంటివే. వాటి దగ్గర ఈడీటీఏ వేస్తే మీరే విడగొట్టినట్టు. ఎవరో ఇచ్చిన రిపా బఫర్ వాడుతున్నారేమో కూడా చూసుకోండి. అందులో ఎస్‌డీఎస్, డీఆక్సీకోలేట్ ఉంటాయి, సున్నితమైన బంధాలు నిలవవు.

అన్ని లేన్లలో ఉందా? అప్పుడు ఉప్పు మెట్లు ఎక్కండి. వాష్‌లో 150, 250, 350, 500 మిల్లీమోలార్ పెట్టి నాలుగు జతల ట్యూబులు చేయండి, ప్రతి జతలోనూ ఒక జీఎస్టీ, ఒక జీఎస్టీ-ఎర. జీఎస్టీ లేన్ ఖాళీ అయ్యే మెట్టు దగ్గర ఎర లేన్లో ఇంకా బ్యాండ్ మిగిలి ఉంటే అదే మీ పని చోటు. బైండింగ్ బఫర్‌లో 0.5 శాతం బీఎస్‌ఏ వేసినా జిడ్డు తగ్గుతుంది. రెండు లేన్లూ ఒకేసారి ఖాళీ అయితే, నిజం ఒప్పుకోండి.

ఇంకో మోసం ఉంది. మీ రెండు ప్రోటీన్లలో ఏదైనా డీఎన్‌ఏనో ఆర్‌ఎన్‌ఏనో పట్టుకునే రకమైతే, రెండూ ఒకే తాడును చెరో చివర పట్టుకుని కలిసినట్టు కనిపిస్తాయి. లైసేట్‌కు డీఎన్‌ఏజ్-1, ఆర్‌ఎన్‌ఏజ్-ఏ వేసి మళ్లీ చేయండి. డీఎన్‌ఏజ్‌కు మెగ్నీషియం కావాలి, కాబట్టి ఈ ట్యూబులకు ఈడీటీఏ లేని బఫర్. బ్యాండ్ పోతే అది ప్రోటీన్ల మధ్య బంధం కాదు. ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ల మీద పనిచేసేవాళ్లు ఇది చేయకుండా వైవాకు పోవద్దు.

వైవాలో తప్పకుండా వచ్చే ప్రశ్న: “ఇవి నేరుగా కలుస్తున్నాయా?” లైసేట్ వాడారంటే మధ్యలో మూడో ప్రోటీన్ వంతెనలా ఉండొచ్చు. నేరుగా అనాలంటే రెండూ శుద్ధి చేసినవే కావాలి. ఈ.కోలై లైసేట్‌లో చేసినా, అందులో మీ జీవి తాలూకు మూడో ప్రోటీన్ ఉండదు కాబట్టి కొంత నయం. ఇంకోటి, జీఎస్టీ తనంతట తాను జంటగా ఉంటుంది. మీ ఎర కూడా దాంతో జంట కట్టి, బలహీనమైన పట్టును బలంగా చూపించవచ్చు. అందుకే ట్యాగులు తారుమారు చేసి ఒకసారి చూపించండి.

వేరే దారి పట్టాల్సి వస్తే

జీఎస్టీతో ఎర కరగకపోతే హిస్ ట్యాగ్, నికెల్ బీడ్స్. అక్కడ ఈడీటీఏ వద్దు, నికెల్‌ను లాక్కుపోతుంది. డీటీటీ ఎక్కువైతే బీడ్స్ గోధుమరంగు తిరుగుతాయి. జిడ్డు తగ్గడానికి 20 మిల్లీమోలార్ ఇమిడజోల్ వాష్‌లో ఉంచండి. జీఎస్టీ కంటే ఇది ఎక్కువ చెత్త పడుతుందని ముందే అనుకోండి.

కణాల లోపల నిజంగా కలిసి ఉన్నాయా అన్నది పుల్‌డౌన్ చెప్పదు. అది కో-ఐపీ పని. పద్ధతి దాదాపు ఇదే, ఎర స్థానంలో యాంటీబాడీ. మూడు జాగ్రత్తలు చాలు. బఫర్‌లో డీటీటీ వేయకండి, యాంటీబాడీనే విడగొడుతుంది. ఎలుక ఐజీజీ-1 రకమైతే ప్రోటీన్-ఏ బీడ్స్ బలహీనంగా పట్టుకుంటాయి, ప్రోటీన్-జీ తీసుకోండి. కుందేలుదైతే ప్రోటీన్-ఏ బాగుంటుంది. మూడోది, బ్లాట్‌లో 50, 25 కిలోడాల్టన్ల దగ్గర లావుగా వచ్చేవి మీ ప్రోటీన్ కాదు, యాంటీబాడీ తాలూకు బరువు, తేలిక గొలుసులు. మీ ప్రోటీన్ సరిగ్గా 50 దగ్గరుంటే లాగడానికి ఒక జంతువు యాంటీబాడీ, బ్లాట్‌కు ఇంకో జంతువుది వాడండి. పక్కన ఏ సంబంధమూ లేని, అదే జంతువు ఐజీజీతో ఒక ట్యూబు పెట్టండి. ఒట్టి జీఎస్టీ లేన్‌కు ఇక్కడ అదే అక్క.

ఎంత మెల్లగా కడిగినా విడిపోయే జంటలకు డీఎస్‌పీ అనే క్రాస్‌లింకర్ (రెండు ప్రోటీన్లను రసాయనికంగా కుట్టేసేది) ఉంది. డీటీటీతో మరిగిస్తే మళ్లీ తెగుతుంది కాబట్టి జెల్‌కు ఇబ్బంది లేదు. ఇది ట్రిస్‌తో కూడా అంటుకుంటుంది. ఆ మెట్టు వరకు పీబీఎస్ గానీ హెపీస్ గానీ వాడి, చివర్లో ట్రిస్ పోసి ఆపండి.

బీడ్స్ మళ్లీ వాడొచ్చా?

అడగనివాళ్లు లేరు, సీసా ధర అలా ఉంటుంది మరి. మరిగించిన బీడ్స్ పారేయండి, అందులో బేరం లేదు. ప్రోటీన్ శుద్ధికి వాడిన బీడ్స్ అయితే 10 మిల్లీమోలార్ గ్లూటాథయోన్‌తో ప్రోటీన్ దింపేశాక తిరిగి వాడొచ్చు. గ్లూటాథయోన్ కలిపితే బఫర్ పుల్లబడుతుంది, పీహెచ్ మళ్లీ 8.0కి తెచ్చాకే పోయండి. ప్రోటీన్ దిగడం లేదనేవాళ్లు ఎక్కువగా మరిచేది ఇదే. తర్వాత పీహెచ్ 8.5 ట్రిస్‌తో ఒకసారి, పీహెచ్ 4.5 సోడియం ఎసిటేట్‌తో ఒకసారి, రెండింటిలోనూ 0.5 మోలార్ ఉప్పుతో, మార్చి మార్చి మూడుసార్లు కడిగి, 20 శాతం ఆల్కహాల్‌లో 4 డిగ్రీల దగ్గర దాచండి. ఫ్రీజర్లో మాత్రం పెట్టకండి, పగిలిపోతాయి. సీసా మీద ఎర పేరు, తేదీ మార్కర్‌తో రాసి పైన టేపు అంటించండి, ఆల్కహాల్ తగిలితే మార్కర్ చెరిగిపోతుంది. ఒక ఎరకు వాడిన బీడ్స్ ఆ ఎరకే. ఒట్టి జీఎస్టీ ట్యూబుకు ఎప్పుడూ కొత్త బీడ్సే వేయండి.